పిలుపు కలిస్తేనే జత

ఉదయగిరిలో మా అత్తయ్యవాళ్ల వసారాలో నిలువెత్తు జాలీ పంజరం ఉంది. అందులో ఉన్న పది పిట్టల్ని ఊళ్లో అందరూ లవ్ బర్డ్స్ అనే అంటారు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. ఇవి బడ్జీలు, ఆస్ట్రేలియా మెట్టల్లో వానపడ్డ చోటు వెతుక్కుంటూ గుంపులు గుంపులుగా తిరిగే పిట్టలు. 1840లో జాన్ గూల్డ్ వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకెళ్లాక లోకమంతా పాకాయి. అడవిలో ఇవి ఆకుపచ్చగా ఉంటాయి. నీలం, తెలుపు మాత్రం మనుషులు పెంచగా పెంచగా స్థిరపడ్డ రంగులు.

ఆ మధ్య ఆత్మకూరు నుంచి చుట్టాలు మరో రెండింటిని తెచ్చి ఇందులో వదిలారు. మొదట్లో ఆ రెండూ ఓ మూలన ఒదిగి కూర్చునేవి. వేసవి సెలవులకు వెళ్లేసరికి వాటిలో మగది పాత గుంపులోని ఆడపిట్ట పక్కన చేరింది. ముక్కు మీది కండ నీలంగా ఉంటే మగది, గోధుమరంగైతే ఆడది. మగది తల ఎగరేస్తూ, మింగిన కొర్రల్ని కంఠంలోంచి తెచ్చి ఆడదాని నోటికి అందించింది. ఆడది తల వంచి మెడమీది ఈకలు ఉబ్బించింది. తన ముక్కు తన తలకు అందదు కదా, అక్కడ దువ్వాల్సింది జతపిట్టే. కొత్త ఈక మీది తొడుగును మగది ముక్కుకొసతో ఒలుస్తుంటే ఆడది కళ్లు మూసుకుంది.

కంటికి కనబడే ఈ ముద్దుమురిపాల కన్నా నన్ను కట్టిపడేసింది వాటి పిలుపు. తోటిపిట్ట కనబడకపోతే బడ్జీ ఓ పొట్టి కూత వేస్తుంది, రెప్పపాటులో అయిపోతుంది. ఒక్కో పిట్టది ఒక్కో తీరు. కొత్తవాటిని ఒకచోట ఉంచితే కొన్ని వారాల్లో ఆ కూతలు దగ్గరపడి గుంపుకో యాస ఏర్పడుతుంది. జత కుదిరితే మరీ విశేషం. కూతల్ని రికార్డు చేసి పోల్చి, 2000లో అమెరికా పరిశోధకులు ప్రకటించిందేమిటంటే, మగది ఆడదాని కూతను నేర్చుకుని తానూ అదే పలుకుతుంది. మన ఇళ్లలో కాపురానికొచ్చిన కోడలు మెల్లగా అత్తింటి యాసలో పడుతుంది. బడ్జీల్లో యాస మార్చుకునేది మగది.

ఆడపిట్ట ఎంచుకునేది గొంతును బట్టే కాదు. మేత దాచిన పెట్టెను తెరవడం నేర్చిన మగపిట్టను చూశాక, అంతకుముందు కాదన్న ఆడపిట్టలే దానివైపు మొగ్గాయని 2019లో మరో పరిశోధన తేల్చింది.

కొందరు ఒక్క పిట్టనే తెచ్చి తోడుగా అద్దం వేలాడదీస్తారు. అది అద్దంలో బొమ్మకు మేత తినిపించబోతుంది. పిలుస్తుంది. అద్దం బదులు పలకదు. ఆ దృశ్యం చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. పెంచాలనుకునేవాళ్లు కనీసం రెండింటిని పెంచండి, ఎగరడానికి చోటివ్వండి.

మా అత్తయ్య పంజరంలో ఇప్పుడు ఆ ఆడపిట్ట ముంతలో గుడ్లు పొదుగుతోంది. ఒక్కో గుడ్డు పిల్లయ్యేందుకు 18 రోజులు పడుతుంది. ఆత్మకూరు మగపిట్ట ముంత మూతి దగ్గర వాలి, ఉదయగిరి కూత వేస్తుంది. లోపల్నుంచి అదే కూత బదులొస్తుంది.