పాలు హాలయ్యే చోట

రాయచూరు పక్కనున్న యరమరస్‌లో పొద్దున్నే టిఫిను బండి దగ్గరికెళ్లి "ఒగ్గరణె" అంటే చాలు. నీళ్లలో నానబెట్టి పిండిన బొరుగులు, వాటికి పసుపు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపు, పక్కనే వేడి మిరపకాయ బజ్జి వస్తాయి. నిజానికి కన్నడంలో ఒగ్గరణె అంటే తాలింపే. ఇక్కడ తాలింపు పేరే పలహారానికీ పేరైంది. కర్నూలు, అనంతపురం వైపు ఉగ్గాని అనేది దీన్నే.

పేరు ఇలా మారేది పలహారానికే కాదు. తెలుగింట్లో పాలు, పండు, పులుసు. కన్నడ ఇంట్లో హాలు, హణ్ణు, హుళి. పాత కన్నడంలో ఇవీ 'ప'తోనే ఉండేవి. సుమారు వెయ్యేళ్ల కిందట మొదలై ఆ 'ప' మెల్లగా 'హ' అయింది. ఐరిష్, వెల్ష్ లాంటి కెల్టిక్ భాషలైతే తమ పాత 'ప'ను చాలాచోట్ల పూర్తిగా వదిలేశాయి. లాటిన్‌లో చేప 'పిస్కిస్', ఐరిష్‌లో 'ఇయస్క్'.

వెల్ష్‌లో రొట్టె 'బర'. నీ రొట్టె అనాలంటే అది 'వర', నా రొట్టె అంటే 'మర'. వింతగా ఉందా? మనకు కూర, కాయలు కలిస్తే కూరగాయలు కాలేదూ! గసడదవాదేశం అని బళ్లో నేర్చుకున్నది ఇలాంటిదే.

ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు టోల్కీన్ వెల్ష్ మీద ప్రేమతో, దాని ధ్వనుల తీరులోనే 'సిందరిన్' అనే కొత్త భాషను కల్పించాడు. 1954లో ప్రచురణ మొదలైన ఆయన నవల 'ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లోని 'లెంబాస్' ఆ భాష మాటే. విడదీస్తే ప్రయాణపు రొట్టె. ఆకుల్లో చుట్టి ఉంచితే చాలా రోజులు పాడవదట. ఆ మాట చదివినప్పుడు నాకు మన దారిబత్తెం, సద్దిమూట గుర్తొచ్చాయి. రాయచూరు కన్నడంలో దాన్నే బుత్తి అంటారు. ఎళ్ళ అమావాస్యకు పొలానికి బుత్తి కట్టుకెళ్తారు. అందులో అప్పడంలా పెళుసుగా విరిగే ఖడక్ జొన్నరొట్టె ఉంటే రోజుల తరబడి నిలవుంటుంది.

ఇక్కడ ఎవరైనా "ఊట ఆయ్తా?" అంటే తెలుగు చెవికి ఆవకాయ ఊట తడుతుంది. వాళ్లడిగేది భోజనమైందా అని.

ఆ జొన్నరొట్టెలోకి నంజుకునే గోంగూర ఇక్కడ పుండి పల్య. కృష్ణ దాటి తెలంగాణలో అడుగుపెడితే పుంటికూర. పాలు హాలైన నేల మీదే ఈ ఆకుకూర పేరులో 'ప' చెక్కుచెదరలేదు.