పరిణామం అంటే మెట్లెక్కడం కాదు

మన విమర్శలో ‘పరిణామం’ అన్నంత తేలిగ్గా వాడే మాట మరొకటి లేదు. పద్యం నుంచి వచన కవితకు పరిణామం, భావకవిత్వం నుంచి అభ్యుదయ కవిత్వానికి పరిణామం. ప్రతిసారీ మెట్లెక్కుతున్నట్టే రాస్తాం. మాట పాతదే, సాంఖ్యంలోనూ ఉంది. కాని నేడు దానికున్న శాస్త్రగౌరవం డార్విన్ పుణ్యం. డార్విన్ చెప్పినదాంట్లో మెట్లు లేవు.

గాలపాగస్ దీవుల్లో డాఫ్నే మేజర్ అనే చిన్న దీవి ఉంది. అక్కడి ఫించ్ పిట్టలను 1973 నుంచి పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు ఏళ్ల తరబడి ఒక్కొక్కదాన్నే కొలిచి, గుర్తు పెట్టి పరిశీలించారు. 1977లో అక్కడ కరువు వచ్చింది. మెత్తటి చిన్న గింజలు అయిపోయాయి. మిగిలినవి మన పల్లేరుకు చుట్టమైన ఒక మొక్క కాయల వంటి గట్టివి. వాటిని పగలగొట్టలేని చిన్న ముక్కు పిట్టలు ఎక్కువగా చచ్చిపోయాయి. బతికినవాటి పిల్లలకు సగటున ముక్కు పెద్దది. ఇక్కడ ఏ పిట్టా గింజ కోసం ముక్కు పెంచుకోలేదు. తేడాలు ముందే ఉన్నాయి, కరువు ఏరింది, అంతే. 1982-83లో కుంభవృష్టి కురిసి చిన్న గింజలు విరగకాశాయి. ఆ తర్వాతి ఏళ్లలో చిన్న ముక్కే లాభమయింది. ఇందులో ఏది ‘పురోగతి’?

ఆ ‘కోసం’ అన్న విభక్తి మహా ప్రమాదకరమైనది. పరిసరాలు మార్చితే వంశమే మారుతుందన్న లైసెంకో మాట అభ్యుదయవాదుల చెవికి ఇంపుగానే వినిపించింది. దానికి ఎదురు నిలిచిన వావిలోవ్ 1943లో జైల్లో చనిపోయాడు. 1948లో సోవియట్ దేశంలో జన్యుశాస్త్రాన్నే అణచివేశారు. మనకు నచ్చినంత మాత్రాన ప్రకృతి ఒప్పుకోదు.

మరి కొత్త జాతి ఎలా పుడుతుంది? 1942లో ఎర్నెస్ట్ మాయర్ ఇచ్చిన నిర్వచనం ప్రకారం, తమలో తాము సంతానం కంటూ ఇతర సమూహాలతో కలవకుండా వేరుపడినదే జాతి. సాధారణంగా కొండో సముద్రమో అడ్డుపడితే, వేల తరాల్లో ఆ వేర్పాటు గట్టిపడుతుంది. డాఫ్నేలో మాత్రం అది చకచకా జరిగింది. 1981లో నూరు కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఎస్పన్యోలా దీవి నుంచి ఒక మగపిట్ట వచ్చి, స్థానికమైన వేరే జాతి ఆడపిట్టతో జతకట్టింది. పిల్లలు తండ్రి పాట నేర్చుకున్నాయి. ఆ పాటకు, ఆ ముక్కుకు స్థానిక పిట్టలు దగ్గరకు రాలేదు. కొద్ది తరాల్లోనే ఆ వంశం తమలో తామే జతకట్టసాగింది. ఒక కరువులో అన్నాచెల్లెళ్లు రెండే మిగిలి, మళ్లీ పెరిగాయి. దాన్ని పూర్తి జాతి అనాలా వద్దా అన్నది వాదమే. గీత గీసినట్టు ఫలానా రోజున జాతి పుట్టదు మరి.

తెలుగులో చిక్కేమిటంటే, ‘జాతి’ అన్న ఒక్క మాటతోనే పిట్టల తెగనూ, దేశాన్నీ, కులాన్నీ చెప్పేస్తాం. ఈ గందరగోళం అమాయకమైనది కాదు. కులం ప్రకృతి చేసిన విభజన అనేవాళ్లకు ఇది బాగా పనికొచ్చింది. డాఫ్నేలో పిట్టలను ఆపింది పాట. ఇక్కడ మనుషులను ఆపేది పంచాయితీ, కత్తి. ఆపవలసి రావడమే వాళ్లంతా ఒకే జీవజాతి అనడానికి రుజువు.

2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి జీవపరిణామాన్ని తొలగించింది. ఆ పుస్తకం చదివి, పై తరగతుల్లో జీవశాస్త్రం తీసుకోకుండా తెలుగు ఎం.ఏ.లో చేరే విద్యార్థి ఈ మాటను మొదటిసారి చదివేది బహుశా మన వ్యాసాల్లోనే.