పిక్కలో పుట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లో ఎందుకు చిక్కుకుంటుంది?

బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరు ఖరగ్‌పూర్. అక్కడి నుంచి విశాఖపట్నం రావాలంటే పది గంటలకు పైగా రైల్లో ఉండాలి. అంతసేపు కదలకుండా కూర్చుంటే కాళ్లలో ఏం జరుగుతుంది?

నడిచేటప్పుడు పిక్క కండరాలు సిరలను నొక్కి, రక్తాన్ని గుండె వైపు నెడతాయి. కదలిక లేకపోతే ప్రవాహం మందగించి, లోపలి సిరలో రక్తం గడ్డకట్టవచ్చు. ఈ గడ్డే థ్రాంబస్. అది ఊడి, రక్తంతోపాటు ప్రయాణించి, మరోచోట నాళాన్ని మూసివేయడమే ఎంబోలిజం. ఈ సంగతిని 19వ శతాబ్దం మధ్యలో జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్చోవ్ వివరించాడు.

మరి అది ఊపిరితిత్తుల్లోనే ఎందుకు ఆగుతుంది? బ్రాంచి లైన్లు మెయిన్ లైనులో కలిసినట్లు, చిన్న సిరలు కలిసి పెద్ద సిరలవుతాయి. కనుక గుండె కుడి భాగం దాకా గడ్డకు అడ్డు ఉండదు. గుండె అనే జంక్షన్ దాటాక, ఊపిరితిత్తులకు పోయే ధమని పాయలుగా చీలి సన్నబడుతుంది. గడ్డకు ఎదురయ్యే మొదటి ఇరుకు దారి అదే. గడ్డ పెద్దదైతే ప్రాణాపాయం.

నాలుగు గంటలు, అంతకు మించి కూర్చుని ప్రయాణిస్తే ఈ ముప్పు సుమారు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. ఆరోగ్యవంతులకు అది స్వల్పమే. ఇటీవల శస్త్రచికిత్స లేదా కాన్పు జరిగినవారికి, క్యాన్సర్ రోగులకు ఎక్కువ.

కాబట్టి రైల్లో అప్పుడప్పుడూ లేచి నడవండి. కూర్చున్నచోటే పాదాలు ఆడించండి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడితే నూనె రాసి మర్దన చేయకండి, గడ్డ ఊడవచ్చు. డాక్టరుకు చూపించండి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.