ఓబీడీ స్కానర్ పెట్టినా కారు డేటా రావట్లేదా..? యాప్‌లో 'కనెక్టెడ్' అని చూసి మోసపోకండి.. అసలు చిక్కు ఇక్కడే!

మీటర్‌లో పసుపు రంగు ఇంజిన్ గుర్తు వెలిగింది. షెడ్డుకు వెళ్తే స్కానింగ్‌కే బిల్లు వేస్తారని ఆన్‌లైన్‌లో కొన్ని వందలు పెట్టి ఓబీడీ అడాప్టర్ తెప్పించుకున్నారు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చారు. బ్లూటూత్ కూడా కలిసింది. తీరా చూస్తే యాప్‌లో ఆర్‌పీఎం సున్నా, స్పీడ్ సున్నా. ఇక్కడే చాలామంది అడాప్టర్ డూప్లికేట్ అనో, కారులో కంప్యూటర్ పోయిందనో తేల్చేస్తుంటారు. నిజానికి చాలాసార్లు రెండూ బాగానే ఉంటాయి.

ఇంతకీ జరిగేదేంటంటే.. ఇక్కడ ఉన్నది ఒక కనెక్షన్ కాదు, రెండు. ఫోన్‌కి, అడాప్టర్‌కి మధ్య బ్లూటూత్ లేదా వైఫై ఒకటి. అడాప్టర్‌కి, ఇంజిన్ కంప్యూటర్‌కి మధ్య వైర్ల మీద నడిచేది రెండోది. యాప్ 'కనెక్టెడ్' అని చెప్పేది చాలాసార్లు మొదటి దాని గురించే. కారు ఇంకా నోరు విప్పలేదన్నమాట.

ఏది తెగిందో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. యాప్‌లో బ్యాటరీ వోల్టేజ్ చూడండి. ఈ అడాప్టర్లలో చాలావరకు వోల్టేజ్‌ని కారు కంప్యూటర్‌ని అడగకుండా, సాకెట్‌లో తమకు కరెంట్ వచ్చే 16వ పిన్ను నుంచే కొలుస్తాయి. అంటే 12 వోల్టులకు పైగా అంకె కనిపిస్తూ ఆర్‌పీఎం రాకపోతే ఫోన్ వైపు అంతా ఓకే, గొడవ కారు వైపు ఉంది. వోల్టేజ్ కూడా రాకపోతే ముందు ఫోన్ సంగతి చూడాలి.

అడాప్టర్‌లో లైటే వెలగకపోతే..?

అప్పుడు యాప్‌తో కుస్తీ పట్టడం దండగ. ముందు ఫ్యూజు చూడాలి. చాలా కార్లలో ఈ సాకెట్‌కి, సిగరెట్ లైటర్ సాకెట్‌కి ఒకటే ఫ్యూజు ఉంటుంది. ఎప్పుడో నాసిరకం ఛార్జర్ పెట్టినప్పుడు అది ఎగిరిపోయి ఉండొచ్చు.

లైటు వెలుగుతున్నా ఫోన్‌తో కలవకపోతే అడాప్టర్ రకం చూసుకోవాలి. పాత తరహా బ్లూటూత్ అయితే ఫోన్ సెట్టింగ్స్‌లో 1234 లేదా 0000 పిన్‌తో పెయిర్ చేసి, ఆ తర్వాత యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి అదే అడాప్టర్‌ని ఎంచుకోవాలి. ఈ రెండో పని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ఐఫోన్‌కి మామూలుగా ఇది పనికిరాదు, వైఫై లేదా బ్లూటూత్ లో ఎనర్జీ రకం కావాలి. వైఫై అడాప్టర్‌కి ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ఫోన్ తెలివిగా మొబైల్ డేటాకి మారిపోతుంది. కాసేపు డేటా ఆఫ్ చేస్తే సరి. ఇంట్లో ఇంకొకరి ఫోన్ ముందే దానికి కలిసి ఉన్నా మీకు దొరకదు.

కారు వైపు చూస్తే..

అన్నిటికన్నా మామూలు కారణం తాళం. అది 'యాక్సెసరీ' దగ్గర ఆగితే పాటలు వస్తాయి కానీ ఇంజిన్ కంప్యూటర్ మేల్కోదు. 'ఆన్' వరకు తిప్పాలి. పుష్ బటన్ కార్లలో మామూలుగా బ్రేక్ తొక్కకుండా బటన్ రెండుసార్లు నొక్కాలి. వీలైతే ఇంజిన్ స్టార్ట్ చేసి చూడటమే మేలు.

తర్వాతది కారు వయసు. మన దేశంలో బీఎస్-4 కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకుముందు కార్లలో కొన్నింటికి అదే సాకెట్ ఉన్నా లోపల కంపెనీ సొంత భాష నడుస్తుంది. అలాంటి వాటికి కంపెనీ స్కానరే దిక్కు. ఇక ఎలక్ట్రిక్ కార్లు.. ఓబీడీ-2 పుట్టిందే పొగ మీద నిఘాకి. పొగే రాని కారులో మామూలు యాప్‌కి చదవడానికి పెద్దగా ఏమీ దొరకదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే అప్పుడు అడాప్టర్‌ని అనుమానించాలి. మార్కెట్‌లో చౌకగా దొరికేవి దాదాపు అన్నీ కెనడాకి చెందిన ఈఎల్ఎం ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన ఈఎల్ఎం 327 చిప్‌కి నకళ్లే. 'వెర్షన్ 1.5' అని రాసి అమ్ముతారు చూడండి, అసలు కంపెనీ ఆ వెర్షన్‌ని ఎప్పుడూ విడుదలే చేయలేదు! అన్ని నకళ్లూ చెడ్డవని కాదు. కాకపోతే కొన్ని కొత్త కార్ల భాషే అర్థం చేసుకుంటాయి, పాత కార్ల దగ్గర చేతులెత్తేస్తాయి. స్నేహితుడి కారులో పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది.

కోడ్ వచ్చింది.. చెరిపేయొచ్చా?

తొందరపడొద్దు. ఉదాహరణకు పీ0171 అంటే ఇంజిన్‌లో గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అవుతోందని అర్థం. దానికి కారణం చిట్లిన గొట్టం కావొచ్చు, దుమ్ము పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సర్ కావొచ్చు, ఫ్యూయల్ పంపు కావొచ్చు. కోడ్ చూసి నేరుగా ఆక్సిజన్ సెన్సర్ మార్పించేసి వేలు వదిలించుకున్నా లైటు మళ్లీ వెలుగుతుంది. క్లియర్ కొడితే లోపం పోదు, అది వచ్చిన క్షణంలో కారు దాచుకున్న వివరాలు పోతాయి. మెకానిక్‌కి కావాల్సింది అవే. అందుకే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. నడుస్తుండగా ఇంజిన్ లైటు ఆగకుండా మిణుకుమిణుకుమంటుంటే మాత్రం యాప్ సంగతి తర్వాత, ముందు బండి పక్కకు ఆపాలి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. అమ్మేవాళ్లు ఆ పొద్దునే కోడ్‌లు చెరిపేసి ఉంటే మీ యాప్ 'నో ఫాల్ట్స్' అని చల్లగా చెబుతుంది. అక్కడితో ఆగకుండా 'రెడీనెస్ మానిటర్లు' చూడాలి. కోడ్‌లు చెరిపితే కారు తనను తాను చేసుకునే పరీక్షలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. చాలావాటికి 'ఇన్‌కంప్లీట్' అని ఉంటే ఎందుకని అడగాల్సిందే. చాలా కార్లు కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగాయో కూడా చెబుతాయి. అక్కడ 5 కిలోమీటర్లని కనిపిస్తే.. బ్యాటరీ మార్చామని వాళ్లు చెప్పొచ్చు, కొన్ని కార్లలో అది నిజమూ కావొచ్చు. కొత్త బ్యాటరీ బిల్లు చూపించమనండి. లేదంటే కొన్ని రోజులు తిరిగాక మళ్లీ స్కాన్ చేయనిస్తేనే అడ్వాన్స్ ఇస్తామని చెప్పండి.

పని అయ్యాక అడాప్టర్ తీసేయడం మర్చిపోవద్దు. సాకెట్‌కి తాళం తీసినా కరెంట్ వస్తూనే ఉంటుంది. వారం పది రోజులు బండి కదలకపోతే, అందులోనూ బ్యాటరీ పాతదైతే, స్టార్ట్ కాకుండా మొరాయించొచ్చు.