రెండు నదుల నడుమ కేరో పట్నం

ఊరి పేరు రాసేటప్పుడు ఈజిప్టు రాజధాని కెయిరోయే. పలికేటప్పుడు మాత్రం "కేరో" అనాలి. లేకపోతే పరాయివాళ్లమని వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. ఆ చుట్టుపక్కల థీబ్సు అనే ఊరుంది, కార్నాకు అనే ఊరుంది. ఇల్లినాయి రాష్ట్రపు దక్షిణపు కొనకి "చిన్న ఈజిప్టు" అనే పేరు ఏనాడో స్థిరపడిపోయింది. నైలునది ఒక్కటే తక్కువ. ఆ లోటు తీర్చడానికా అన్నట్టు రెండు నదులున్నాయి.

మా అబ్బాయి ఉద్యోగం చేసే సెయింట్ లూయీ నుంచి కేరో సుమారు నూట యాభై మైళ్లు. అమెరికా వెళ్లివచ్చిన మనవాళ్లు చెప్పేవన్నీ మేడల కథలూ, జలపాతాల కథలూను. అక్కడి పల్లెపట్టు ఎలా ఉంటుందో చెప్పినవాళ్లు తక్కువ. "అక్కడ చూడ్డానికి ఏముంది నాన్నా, అంతా పాడుపడిపోయింది" అన్నాడు మావాడు. మిసిసిపీ, ఒహాయో నదులు కలిసే చోటు చూడకుండా ఎలాగ? గోదావరి గట్టున పెరిగిన ప్రాణం కదా!

ఊరికి తూర్పున ఒహాయో, పడమట మిసిసిపీ. ఈ రెంటి మధ్యా నాలుకలా సాగిన పల్లపు నేల మీద కేరో ఉంది. ఇల్లినాయి మొత్తంలో ఇంతకంటే పల్లపు చోటు లేదు. కొనకి వెళ్లి నిలబడితే ఎడమచేతి వైపు కెంటకీ రాష్ట్రం, కుడిచేతి వైపు మిస్సోరీ. అక్కడ పడవ సిబ్బంది స్మారకంగా ఎత్తయిన మంచె ఒకటి కట్టారు. దాని మీదికెక్కి చూస్తే రెండు నీళ్లూ వెంటనే కలవకుండా, రెండు రంగులుగా, పక్కపక్కనే చాలా దూరం పోతూ కనిపిస్తాయి. తమాషా ఏమిటంటే, సగటున చూస్తే అక్కడికి ఎక్కువ నీరు తెచ్చేది ఒహాయోయే. కలిసిన తరువాత పేరు మాత్రం మిసిసిపీది. కాపరానికి వచ్చిన కోడలు ఇంటిపేరు మార్చుకున్నట్టుంది వ్యవహారం!

ఊరిచుట్టూ కోటలా గట్లు. ఒహాయో వైపు కాంక్రీటు గోడ. ఉత్తరాన రైలు కట్ట కింద నుంచి రోడ్డు ఊళ్లోకి వచ్చే చోట బ్రహ్మాండమైన ఉక్కు తలుపు ఒకటుంది. వరద వస్తే ఆ తలుపు దింపేస్తారు. ఇక ఊరు గిన్నెలో కూర్చున్నట్టే.

ఈ చోటు మహానగరం అయి తీరుతుందని పంతొమ్మిదో శతాబ్దంలో చాలామంది నమ్మారు. 1842లో చార్లెస్ డికెన్సు వచ్చి చూసి, ఆ బురదనీ జ్వరాలనీ ఎంతగా ఏవగించుకున్నాడంటే, తరువాత ఒక నవలలో మోసపు నగరానికి ఇదే నమూనా అయిందంటారు. మార్క్ ట్వేన్ నవలలో హకల్‌బెరీ ఫిన్, బానిస జిమ్ తెప్ప మీద వెదుక్కుంటూ వచ్చింది ఈ కేరో కోసమే. పొగమంచులో దాటిపోతారు పాపం. 1861లో అంతర్యుద్ధం వచ్చినప్పుడు జనరల్ గ్రాంటు ఇక్కడ మకాం వేసి దక్షిణాది మీదికి సేనల్ని నడిపాడు. ఆ తరువాత ఊరికి దశ తిరిగింది. పిండి వ్యాపారి ఒకాయన కట్టించిన మాగ్నోలియా మేనర్ అనే మేడ, 1884 నాటి గ్రంథాలయం ఈనాటికీ ఆ వైభవానికి సాక్ష్యం. ఆ గ్రంథాలయం ముందు నిలబడితే ఈ ఊళ్లో ఇంత సొగసు ఎవరికోసం కట్టారా అనిపిస్తుంది.

జనాభా లెక్కలు చూడండి. 1920లో 15,203 మంది. 1950లో 12,123. 1970కి 6,277. 2000లో 3,632. 2010లో 2,831. 2020లో 1,733. నూరేళ్లలో తొమ్మిదో వంతుకి వచ్చింది! వాళ్లలోనూ పదిమందికి ఏడుగురు నల్లవారు.

ఇందులో కొంత దారుల మహిమ. ఒకప్పుడు రైలు పెట్టెల్ని పడవల మీద ఒహాయో దాటించేవారు. 1889లో వంతెన పడ్డాక రైలు ఆగే అవసరం తగ్గింది. తరువాత రోడ్డు వంతెనలు వచ్చాయి. చివరికి పెద్ద రహదారి ఊళ్లోకి రాకుండానే పక్క నుంచి పోయింది. ఇలా చిక్కిపోయిన రేవు ఊళ్లు ఇంకా ఉన్నాయి. కేరోని తిన్నది వేరే చీడ.

1909లో విల్ జేమ్స్ అనే నల్లవాణ్ణి వేలాదిమంది జనం నడివీధిలో చంపారు. 1962లో ఊరి ఈతకొలను తెల్లవారికే పరిమితం. దాని ఎదుట కొందరు యువకులు మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థించారు. వారిలో ఒకరు, తరువాత చాలాకాలం పార్లమెంటు సభ్యుడుగా ఉండి 2020లో కన్నుమూసిన జాన్ లూయిస్. ఆ ఫొటో ఇప్పటికీ ప్రసిద్ధం. కొలనులోకి అందర్నీ రానివ్వవలసిన పరిస్థితి వచ్చేసరికి దాన్ని మూసేశారు. ఆ తరువాత సిమెంటుతో పూడ్చేశారు! తమ పిల్లలకు కూడా లేకుండా చేసుకున్నారన్నమాట.

1967లో పందొమ్మిదేళ్ల నల్ల సైనికుడొకడు పోలీసు కొట్లో ఉరికి వేలాడుతూ కనిపించాడు. ఆత్మహత్య అన్నారు అధికారులు. నల్లవారు నమ్మలేదు. ఊరు అంటుకుంది. 1969 నుంచి, తమకు ఉద్యోగాలివ్వని తెల్లవారి దుకాణాల్లో కొనడం మానేశారు నల్లవారు. ఏళ్ల తరబడి సాగింది. వాళ్లని పనిలో పెట్టుకోవడం కంటే కొట్టు మూసుకోవడమే నయమనుకున్నారు చాలామంది యజమానులు. కమర్షియల్ ఎవెన్యూ అనే పెద్ద బజారులో నడిస్తే నాకు ఎదురైన మనుషుల్ని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గోడలున్న చోట కప్పులు లేవు. కొన్నిచోట్ల గోడలూ లేవు, గడ్డే.

ఇంతలో 2011 వరద. ఏప్రిల్ నెలాఖరుకి నదులు గట్ల అంచు దాకా వచ్చాయి. కేరోలో అందర్నీ ఇళ్లు ఖాళీ చేయమన్నారు. మిస్సోరీ వైపు బర్డ్స్ పాయింట్ అనే చోట, అవసరమైతే గట్టు పేల్చి పొలాల మీదికి నీళ్లు వదలాలని 1927 వరద తరువాత చేసిన ఏర్పాటుంది. 1937లో ఒకసారి అలా చేశారు. ఈసారి మిస్సోరీ ప్రభుత్వం కోర్టుకెక్కింది. పొలాలు మునగడం మేలా, కేరో మునగడం మేలా అని అడిగితే, కేరోయే మునగనీండి అన్నాడు ఆ రాష్ట్ర శాసనసభ స్పీకరు. తరువాత క్షమాపణ చెప్పుకున్నాడనుకోండి. మే 2 రాత్రి సైనిక ఇంజనీర్లు గట్టు పేల్చారు. లక్షా ముప్ఫై వేల ఎకరాలు మునిగాయి. కేరో దక్కింది. కాని ఆ నీటిలో పిన్‌హుక్ అనే చిన్న పల్లె తుడిచిపెట్టుకుపోయింది. అదీ నల్లవారి ఊరే! ఒక గట్టు వాళ్లు బతకాలంటే అవతలి గట్టు తెగాలన్న బాధ మన లంక గ్రామాల వాళ్లకి కొత్తగా చెప్పనక్కర్లేదు.

నది నుంచి తప్పించుకున్న ఊరికి 2017లో మరో దెబ్బ తగిలింది. పేదల కోసం కట్టిన రెండు ప్రభుత్వ గృహ సముదాయాలు నివాసయోగ్యం కాకుండా పోయాయి. బాగుచేయకుండా వాటిని మూసేస్తామన్నారు. సుమారు నాలుగువందల మంది, అందులో దాదాపు సగం పిల్లలు, వేరే చోట్లు వెదుక్కోవలసి వచ్చింది. 2020 లెక్క అంతగా దిగజారడానికి ఇదీ ఒక కారణం.

కొన్నేళ్లపాటు కేరోలో కిరాణా దుకాణం కూడా లేదు. కూరగాయలు కావాలంటే వంతెన దాటి పక్క రాష్ట్రానికి పోవలసిందే. కారు లేని ముసలివాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. చివరికి ఊళ్లోవాళ్లే తలా కొంత వేసుకుని సభ్యులై, 2023 జూన్‌లో సహకార పద్ధతి మీద ఒక దుకాణం తెరిచారు.