జుట్టుబిళ్ల, తప్పుడు రక్తపరీక్ష

జంషెడ్‌పూరున ఉక్కు కర్మాగారమును నమ్ముకొని తరతరములుగ స్థిరపడిన మన తెలుగువారి యిండ్లలో, కదమా యననేల, సోనారి యననేల, బిష్టుపూర్ శ్రీరామమందిరమున గలసికొన్నవారి ప్రసంగములలో సైతము, జుట్టు రాలుచున్నదన్న మాట వచ్చినంతనే వినవచ్చు నుపదేశము బయోటిన్ అను విటమిన్ బిళ్ల. అది కేశములను బెంచునని యొక నమ్మకము. ఎక్కువైనది మూత్రమున బోవును గాన హాని లేదని మరియొకటి. మొదటిది ధనమును మాత్రమే హరించును. రెండవది ప్రాణము మీదికి దేగలదు.

మనుష్యునకు దినమునకు వలయు బయోటిన్ 30, 40 మైక్రోగ్రాములకు మించదు. వేరుసెనగపప్పు, ఉడికించిన గ్రుడ్డు తినువారికి దాని లోపము మిక్కిలి యరుదు. నిత్యము పచ్చి తెల్లసొన త్రాగు వ్యాయామశాలల యువకులకు మాత్రము, అందలి అవిడిన్ బయోటిన్‌ను బంధించుటచే, లోపము గలుగవచ్చును. 10 మిల్లీగ్రాముల బిళ్లలో నున్నది అవసరమునకు 250 రెట్లకు తక్కువ గాదు. టైఫాయిడ్, డెంగ్యూ, ప్రసవముల పిదప రెండు మూడు నెలలకు రాలిన జుట్టు కొన్ని మాసములలో తనంత తానే మొలచుట దేహధర్మము కాగా, ఆ కాలమున మ్రింగిన బిళ్లకు కీర్తి దక్కుచున్నది.

అసలు ప్రమాదము పరీక్షాశాలలో నున్నది. పెక్కు యంత్రములు హార్మోనులను గొలుచుటకు, బయోటిన్ స్ట్రెప్టావిడిన్ అను ప్రోటీనును గట్టిగ బట్టుకొను గుణమునే యుపయోగించును. రక్తమున బిళ్లల బయోటిన్ విస్తారముగ నున్నచో అదియే యా స్థానముల నాక్రమించి, థైరాయిడ్ పరీక్షలోని టి.ఎస్.హెచ్. ఉన్నదానికంటె తక్కువగను, టి3, టి4 లు ఎక్కువగను జూపించుటచే, ఆరోగ్యవంతురాలికి థైరాయిడ్ అతిగా బనిచేయుచున్నదని తేలి, అక్కరలేని యౌషధము ప్రారంభము గావచ్చును. మారినది హార్మోను గాదు, కొలత! గుండెపోటును బట్టియిచ్చు ట్రోపోనిన్ సైతము ఇట్లే తక్కువగ గానవచ్చును. 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటించిన హెచ్చరికలో ఇట్టి తప్పు ఫలితము వచ్చిన యొక రోగి మరణించిన సంగతి గలదు. ఇంతకు మించి యేమి రుజువు కావలయును?

జుట్టును గూర్చి మరియొక నమ్మకము, కండబలమునకై వాడు క్రియాటిన్ పొడి బట్టతల దెచ్చునన్నది; దీనికి కొంత మూలము గలదని యొప్పుకొనక తప్పదు: 2009లో దక్షిణాఫ్రికా కళాశాల రగ్బీ క్రీడాకారులు దానిని వాడగా, జుట్టు కుదుళ్లను క్షీణింపజేయు డైహైడ్రోటెస్టోస్టిరోన్ తొలివారమున 56 శాతము పెరిగెను. కాని యది సాధారణ పరిమితిని దాటలేదు, వారి జుట్టు నెవరును పరీక్షింపలేదు. 2025లో వెలువడిన 12 వారముల పరిశోధనలో రెంటిని గొలిచి చూచినను భేదము గానరాలేదు. జుట్టు కొరకని యమ్ము మిశ్రమములలోని సెలీనియం, విటమిన్ ఎ లు మితిమీరినచో జుట్టును నిజముగనే రాల్చును.

కావున బయోటిన్ వాడువారు రక్తపరీక్షకు రెండు మూడు దినములు ముందే దానిని మానవలెను. ఛాతీనొప్పితో ఆసుపత్రికి బోయినచో వైద్యునకు మొట్టమొదట ఆ సంగతియే చెప్పవలెను. జుట్టు రాలు స్త్రీలు ముందుగ హెమోగ్లోబిన్, ఇనుము నిల్వను దెలుపు ఫెరిటిన్ చూపించుకొనుట మేలు. వెనుకటి థైరాయిడ్ పరీక్ష ఈ బిళ్ల వాడునపుడు జరిగినదైనచో, వైద్యునకు దెలిపి మరల జేయించుకొనవలెను. అంతవరకు థైరాయిడ్ మందును తమంతట తాము మానరాదు.