ఏజెన్సీ (పదము)

ఏజెన్సీ అనునది ఆంగ్లము నుండి తెలుగులోనికి వచ్చిన పదము. "చేయు, నడుపు" అను అర్థము గల లాటిన్ ధాతువు దీనికి మూలము. ఇతరుల తరఫున పని నడిపే సంస్థ అన్నది దీని సాధారణ అర్థము. ఖమ్మం, భద్రాచలం ప్రాంతాలలో మాత్రము ఏజెన్సీ అనగానే గిరిజనులు నివసించే అటవీ ప్రాంతము స్ఫురిస్తుంది. ఈ అర్థము భూమి హక్కులతో ముడిపడి ఉన్నది.

సాధారణ అర్థములు

* వ్యాపారము: ఒక కంపెనీ సరుకును అమ్మే హక్కు, లేదా అట్టి దుకాణము. ఉదా: గ్యాస్ ఏజెన్సీ.
* పత్రికా రంగము: పత్రికలకు వార్తలు అందించే సంస్థ. ఉదా: ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా.
* ప్రభుత్వము: ప్రత్యేక కార్యము కొరకు ఏర్పరచిన సంస్థ. భద్రాచలంలోని ఐ.టి.డి.ఏ. పేరులో చివరి అక్షరము ఈ అర్థములోనిదే.
* సామాజిక శాస్త్రము: స్వయముగా నిర్ణయించుకొని ప్రవర్తించగల శక్తి.

ప్రాంతీయ అర్థము

మద్రాసు ప్రెసిడెన్సీలో 1839 నాటి చట్టము గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతములను సాధారణ చట్టముల నుండి మినహాయించినది. అక్కడ కలెక్టరు, గవర్నరుకు ఏజెంటుగా పాలన సాగించేవాడు. ఏజెంటు పాలించే ప్రాంతము గనుక ఏజెన్సీ అను పేరు స్థిరపడినది. 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుండి గోదావరి జిల్లాలో చేరిన భద్రాచలం తాలూకా కూడా తరువాత గోదావరి ఏజెన్సీలో భాగమైనది. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసినది. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది.

భూమి చట్టములు

ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతుల వారి భూమిని ఇతరులకు బదిలీ చేయరాదని 1917 నాటి మద్రాసు చట్టము నిర్దేశించినది. స్వాతంత్ర్యానంతరము రాష్ట్రపతి 1950 ఉత్తర్వుల ద్వారా షెడ్యూల్డు ప్రాంతములను ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ 1959లో చేసిన 1వ రెగ్యులేషను 1963లో తెలంగాణ ప్రాంతమునకు విస్తరించబడినది. ఇందులో ఏజెన్సీ అనగా షెడ్యూల్డు ప్రాంతమే.

1970 సవరణతో నిబంధనలు కఠినమైనవి. ఏజెన్సీ భూమిని గిరిజనేతరుడు మరొక గిరిజనేతరునికి కూడా అమ్మరాదు. గిరిజనేతరుని స్వాధీనములోని భూమి, అన్యథా నిరూపించబడనంతవరకు, గిరిజనుని నుండి సంక్రమించినదిగానే పరిగణించబడుతుంది. ప్రభుత్వము కూడా తన భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

వాడుకకు, చట్టమునకు భేదము

వాడుకలో అడవి అంచున ఉన్న ఊరినెల్ల ఏజెన్సీ అంటారు. చట్టము దృష్టిలో నోటిఫై చేసిన గ్రామములు మాత్రమే ఏజెన్సీ. అడవి నరికివేయబడినంత మాత్రాన ఆ హోదా పోదు. పట్టణమైనను భద్రాచలం ఏజెన్సీలోనిదే, ఖమ్మం నగరము కాదు. 2014లో పోలవరం ప్రాజెక్టు కొరకు చింతూరు, కూనవరం తదితర మండలములు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయినవి. రాష్ట్రము మారినను వాటి షెడ్యూల్డు హోదా మారలేదు.